పిట్టకు పాట నేర్పించిన వహాబ్

పిట్టల మెదడు మీద సింధూరి మేడం అచ్చువేయించిన పరిశోధన పత్రాన్ని కొడుకు మోయిన్ ఫోన్‌లో రెండుసార్లు చదివినా అబ్దుల్ వహాబ్ పేరు కనబడలేదు. చదువుకున్నవాళ్ల దొంగతనానికి కేసులుండవు.

ఏలూరులో పిట్టలు పెంచి అమ్మే వహాబ్ దగ్గరకు నిరుడు ఆ మేడమే ఏడుపుమొహంతో వచ్చింది. ఫించ్ అనే పాడే పిట్టల పిల్లలను కళ్లు తెరవగానే తండ్రి నుంచి విడదీసిందట. స్కానర్‌లో ఏ పాట వినిపించినా వాటి మెదడు బొమ్మలో తేడా లేదట.

"తండ్రి దగ్గర నేర్చుకోకుండా ఏ పాటని గుర్తుపడతాయండీ?" అని నవ్వాడు వహాబ్. పిల్లలను రెండు నెలలు తండ్రి పంజరంలోనే ఉంచి, పాట పట్టుబడ్డాక ఇచ్చాడు. ఈసారి తండ్రి పాట వినగానే మెదడు బొమ్మ వెలిగింది.

మొన్న ఆమె ఇంకో పది పిల్లల కోసం వచ్చింది. వహాబ్ పంజరం తలుపు మూశాడు.

"నేర్పినవాణ్ణి పిట్ట మెదడు మర్చిపోదని రాశారటగా మేడం. మరి మీకేమైందండీ?"