సరే అన్న వేలు

కుసుంతాయి ఓగలే పెళ్లి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రిటైరయ్యాక మాత్రం సాంగ్లీలోని తన రెండు గదుల ఇంట్లో పెళ్లిసంబంధాల కేంద్రం తెరిచింది. మామూలు సంబంధాలు కావు. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, దెబ్బలు తినలేక తామే గడప దాటి వచ్చేసినవాళ్లు, అలాంటి ఆడవాళ్లకే. "తను చేసుకోనిది ఊరందరికీ అంటగడుతోంది" అని ఎకసెక్కాలాడిన వీధివాళ్లే, తమ ఆడపిల్లకు కష్టం వచ్చినప్పుడు తలొంచుకుని ఆమె తలుపు తట్టారు. ఇంకొకరైతే గుమ్మంలోంచే పంపేసేవారు. కుసుంతాయి చాప వేసి, టీ పెట్టి, "ఊఁ, చెప్పండి" అనేది.

శుభాంగి అలా వచ్చిన మనిషే. కొల్హాపూర్‌లో భర్త హేమంత్ కొట్టిన దెబ్బకు ఆమెకు ఎడమచెవి వినపడదు. సాంగ్లీ పక్కనే ఉన్న మిరజ్‌లో ఆమెకు గది వెతికిపెట్టింది, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట పని చూసిపెట్టింది కుసుంతాయే. ఆమె ఎక్కడుందో ఇంకెవరికీ తెలియదు. కుసుంతాయి అప్పుడే కంప్యూటర్ కొంది. ఇంటర్నెట్ కూడా పెట్టించి, అందరి వివరాలూ అందులో ఎక్కిస్తోంది.

"తాయీ, నా అడ్రసు ఆ డబ్బాలో ఎక్కించకండి" అంది శుభాంగి. "ఆయన కంప్యూటర్ క్లాసులో పాఠాలు చెప్తాడు. ఇంట్లో కూర్చునే ఎవరి మిషన్లోకైనా దూరతానని ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు పోయేవాడు."

"పిచ్చిదానా, కాగితమ్మీద రాస్తే మాత్రం ఎవరూ చూడరా? దానికి కాపలా పెట్టిస్తాగా. నీ జోలికి ఎవడొస్తాడో నేనూ చూస్తాను."

"మరీ అంత ధైర్యం వద్దులెండి" అని నవ్వింది శుభాంగి. ఆమె నవ్వడం కుసుంతాయి చూడటం అదే మొదలు.

కంప్యూటర్ అమర్చిపెట్టిన సదానంద ఖరేని మర్నాడే పిలిపించింది. అటుకుల పోహే పళ్లెం చేతిలో పెట్టి, కంప్యూటర్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ ఏది మంచిదో చెప్పమంది.

"ఒకటి కంప్యూటర్‌తో పాటే వచ్చేసింది తాయీ" అన్నాడు ఖరే నిమ్మకాయ పిండుకుంటూ. "బయటినుంచి వచ్చేవాళ్లని ఆపుతుంది. లోపల్నుంచి పోయేవాళ్లని మాత్రం పట్టించుకోదు."

"అంటే దొంగ ఎలాగో లోపలికి దూరాడంటే, సామాను మూటగట్టుకుని వీధి తలుపులోంచే దర్జాగా పోతాడన్నమాట."

"అంతే. రెండోది కొనుక్కోవాలి. ఏది పోవాలో ఏది పోకూడదో అదే తేల్చుకుంటుంది, మిమ్మల్ని కదపదు. మూడోది ఉచితం, కానీ ఒకటే నస. లోపలున్న ఏ ప్రోగ్రామ్ బయటికి పోవాలన్నా 'ఇది పోతానంటోంది, పోనివ్వనా' అని మిమ్మల్నే అడుగుతుంది. పొద్దస్తమానం అడుగుతుంది. నా మాట విని రెండోది పెట్టించుకోండి."

"నస నాకు కొత్తా? ముప్పై ఏళ్లు ట్రంకు కాల్స్ బోర్డు ముందు కూర్చున్నాను. నా చెయ్యి పడకుండా ఒక్క ఫోన్ కాలైనా ఊరు దాటిందీ? నన్ను అడిగేదే పెట్టు."

"అడగడం వరకే దాని పని తాయీ. జవాబు చెప్పాల్సింది మీరు."

"నేను కాక మీ ఆవిడొచ్చి చెప్తుందా? పెట్టవయ్యా బాబూ."

నిజానికి ఆమె ఎంచుకున్నది తప్పేమీ కాదు. ఆ మూడింటిలోనూ గట్టి కాపలా అదే. మొదట్లో కళ్లజోడు పెట్టుకుని, ప్రతి ప్రశ్నా పైకి చదివి, తెలియనిదైతే ఖరేకి ఫోన్ చేసి మరీ నొక్కేది. "ఇదేదో గడియారం సరిచేసుకోడానికి పోతానంటోందయ్యా, పంపించమంటావా?" అని అడిగితే ఖరే నవ్వుకునేవాడు.

కార్తీకంలో తులసి పెళ్లి పండగ అయ్యాక ముహూర్తాలు ముంచుకొచ్చాయి. ఒకపక్క ఫోన్లు, ఒకపక్క మెయిళ్లు, గుమ్మంలో మనుషులు. కుసుంతాయికి చదివే తీరిక పోయింది. తీరిక పోగానే చెయ్యి తన పాత పనిలో పడింది. ఎక్స్ఛేంజీలో బోర్డు మీద దీపం వెలిగితే తీగ అందుకుని కలిపెయ్యాలి. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నది ఆపరేటరు అడగకూడదు, వినకూడదు. దీపం అలాగే వెలుగుతూ ఉంటే సూపర్‌వైజరు వెనకనుంచి వచ్చి అందరి ముందూ కడిగేసేవాడు. ఎంతమందికి అర్జెంటు కబుర్లు కలిపిందో ఆ చెయ్యి! కలపడమే దానికి తెలుసు. ఆపడం దానికి ఎవరూ నేర్పలేదు. తెర మీద ప్రశ్న మెరిస్తే అదీ దీపంలాగే కనిపించేది. సరే, సరే, సరే. మళ్లీ అడగొద్దు అన్న చోట కూడా ఒక టిక్కు.

ఆ రోజుల్లోనే నాసిక్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. రాసినతను భార్య పోయినవాడట, భర్త వదిలేసిన మనిషినైనా చేసుకుంటాడట. ఎంతో మర్యాదగా రాశాడు. "మీ సేవకు నా వంతు" అంటూ జాతకాలు కలిపే ప్రోగ్రామ్ ఒకటి జత చేశాడు. కుసుంతాయి పొంగిపోయింది. రెండో పెళ్లికైనా మగపిల్లవాడి తరఫువాళ్లు జాతకం కలవందే మాట కదపరు మరి. పంచాంగం ముందేసుకుని పూటలు పూటలు లెక్కలు కట్టే బాధ తప్పింది. ప్రోగ్రామ్ పెట్టింది. అది గుణాలన్నీ చక్కగా లెక్కగట్టి చూపించింది. మరుక్షణమే కాపలా అడిగింది, ఇది బయటికి పోతానంటోంది, పోనివ్వనా అని. ఆమె అప్పుడు ఒక పెళ్లికూతురి తల్లితో ఫోన్లో ఉంది. రిసీవరు చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే సరే అంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం కుసుంతాయి జొన్న భాకరీలు తడుతుంటే శుభాంగి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది.

"తాయీ, ఆయనొచ్చాడు."

"ఎక్కడికి?"

"గదికే. తిట్టలేదు, కొట్టలేదు. నవ్వుతూ నిలబడ్డాడు. 'పిండి గిర్నీ వెనక పచ్చ తలుపు, మెట్లు బయటినుంచి, పైన రెండో గది. సరిగ్గానే వచ్చానా?' అన్నాడు. ఇల్లుగల ముసలామె, ఆజీ, కత్తిపీట పట్టుకుని మీదికెళ్తే దిగిపోయాడు. మళ్లీ వస్తానన్నాడు."

కుసుంతాయి చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. పిండి గిర్నీ వెనక పచ్చ తలుపు, మెట్లు బయటినుంచి, పైన రెండో గది. దీపావళికి చక్లీలు పట్టుకెళ్లేటప్పుడు తికమక పడకుండా తనకోసం తను కంప్యూటర్లో రాసుకున్న మాటలవి. ఒక్క మాట కూడా అటూ ఇటూ కాలేదు.

"ఎవరికైనా చెప్పారా తాయీ?" అనడిగింది శుభాంగి.

"లేదే. నీ మీదొట్టు" అంది. అన్నాక కంప్యూటర్ వైపు చూసి, ఖరేకి ఫోన్ చేసింది.

ఖరే వచ్చి కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత కుర్చీ ఇటు తిప్పాడు.

"జాతకాల ప్రోగ్రామ్ తాయీ. మీ ఫైళ్లన్నీ మోసుకుపోయింది. నాసిక్ పేరు చెప్పి పంపింది హేమంతో, అతని తరఫువాడో."

"మరి ఆ కాపలా ఏం చేస్తోంది? నిద్రపోయిందా?"

"అడిగింది తాయీ" అన్నాడు ఖరే. "మీరు సరే అన్నారు."

"నాకు గుర్తులేదయ్యా."

"గుర్తుండదు." నేను ముందే చెప్పానని అనగలిగినవాడు అనలేదు. మంచివాడు.

కుసుంతాయి లోపలి గదిలోకి వెళ్లి శుభాంగి పక్కన, ఆమె కుడిచెవి వైపు, కూర్చుంది. "చెప్పింది నేనేనే. నోటితో కాదు, ఈ చేత్తో" అని జరిగిందంతా చెప్పింది. శుభాంగి అరిచి ఉంటే బాగుండేది. ఆమె అరవలేదు. లేచి మంచినీళ్లు తెచ్చి తాయికే ఇచ్చింది. అప్పుడు ఏడ్చింది కుసుంతాయి, పెద్దగా, సిగ్గు విడిచి.

ఆ సాయంత్రమే కంప్యూటర్ తీగ పీకేసింది. అందులో పేరున్న ప్రతి మనిషికీ తనే ఫోన్ చేసి, మీ వివరాలు పరాయివాడి చేతిలో పడ్డాయి, తప్పు నాది అని చెప్పింది. కొందరు ఫరవాలేదన్నారు. ఒకామె "మిమ్మల్ని నమ్మడం మా ఖర్మ" అని ఫోన్ పెట్టేసింది. అన్నీ విని తర్వాతి నంబరు తిప్పింది.

పోలీసులకు చెప్పారు. రాసుకున్నారు. కానీ వాళ్లు కదిలేదాకా శుభాంగి మిరజ్‌లో ఉండే వీల్లేదు. ఆజీ తన వాళ్లున్న ఏదో ఊళ్లో చోటు చూసింది. బస్టాండుకు కుసుంతాయి ఒక్కతే వచ్చింది, దారిలో తినడానికి దశమీ రొట్టెలు మూట కట్టుకుని.

"ఊరి పేరు మీకొక్కరికే చెప్తాను తాయీ" అంది శుభాంగి దగ్గరికి జరిగి.

"వద్దు. చెప్పకు."

"మీ దగ్గర దాపరికమేంటి తాయీ? నాకున్నది మీరే కదా."

"అందుకే చెప్పొద్దంటున్నా. ఆజీకి కూడా చెప్పు, నేనొచ్చి అడిగినా చెప్పొద్దని. ఏడ్చి అడిగినా సరే."

శుభాంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి బస్సెక్కింది. బస్సు ముందు బోర్డు మీద ఊరి పేరుంటుంది, చూస్తే తెలిసిపోతుంది. కుసుంతాయి గోడవైపు తిరిగి నిలబడింది. కిటికీలోంచి "వెళ్లొస్తా తాయీ" అన్న పిలుపు వినపడింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. బస్సు చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆమె ఇటు తిరగలేదు.