రెండో ట్రాక్

వీధిలో అందరూ ఆయన్ని స్క్రూడ్రైవర్ బాబాయి అనేవాళ్లు. టీవీలు బాగుచేసే దుకాణంలోనే జుట్టు నెరిసింది. దుకాణం మూతపడ్డాక చేతులు ఊరుకోక, బట్టల బీరువాలో ఒక పాత కంప్యూటర్ చేత కాపురం పెట్టించి, క్యాసెట్లలోని ఇంటి వీడియోలన్నీ అందులోకి ఎక్కించాడు. హాల్లో టీవీ పెడితే బీరువాలోంచి బొమ్మ వచ్చేది. "మా బీరువా తలుపు తీస్తే బట్టలు కాదురా, బంధువులు బయటపడతారు" అని గొప్పలు పోయేవాడు.

ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే, ఆయనా, వదినా. అన్న పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత వదినకు చూపు మసకబారుతూ వచ్చి చివరికి పూర్తిగా పోయింది. అయినా మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ ముందు కుర్చీ వేయించుకుని పాత వీడియోలు వినేది. అన్నకొక అలవాటుండేది. వీడియో తీశాక, దాని మీద తీరిగ్గా తన వ్యాఖ్యానం విడిగా రికార్డు చేసేవాడు. అందుకే ఒక్కో ఫైల్లో రెండు ఆడియో ట్రాకులు. మొదటిది కెమెరా విన్న గోల, రెండోది అన్న గొంతు. వదినకు కావలసింది ఆ రెండోదే.

చిక్కల్లా ఆ పాత ఫైళ్లు కొత్త టీవీకి కొరుకుడు పడకపోవడం. బీరువాలోని కంప్యూటరే అప్పటికప్పుడు వాటిని మార్చి అందించాలి. ఆ ముసలి ప్రాసెసర్‌కు ఆయాసం వచ్చేది. ఫ్యాన్ రొదకు, తమకంటే పెద్ద పక్షేదో లేస్తోందని కిటికీ మీది పావురాలు పారిపోయేవి. అన్న గొంతు మాటమాటకీ ఆగి ఆగి వచ్చేది.

"బతికుండగా మీ అన్నకు నత్తి లేదయ్యా. పోయాక నువ్వు తెప్పించావు" అంది వదిన.

ఆ మాట గుచ్చుకుంది. గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాడు. ప్రాసెసర్ రోజంతా ఈడ్చే బరువును అది చిటికెలో మోసింది. ఫైళ్లన్నిటినీ టీవీకి నచ్చే రూపంలోకి, చిన్న సైజులోకి మార్చేశాడు. ఒక్కొక్కటీ తెరిచి బొమ్మ పరీక్షించాడు. మొహాలు, నీడలు, నవ్వులో పళ్ల వరస, ఏదీ చెక్కుచెదరలేదు. పక్కగదిలో వదిన జ్వరంతో పడుకుందని సౌండు మాత్రం పూర్తిగా తగ్గించి చూశాడు. చోటు కలిసొస్తుందని పాత ఫైళ్లన్నీ చెరిపేశాడు. అసలు క్యాసెట్లు బూజు పట్టి ఏనాడో చెత్తబండి ఎక్కాయి.

జ్వరం తగ్గి వదిన మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"ఇంటికి రంగులేసిన రోజుది పెట్టవయ్యా. మీ అన్న నిన్ను తిడతాడే, అది."

పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది. పిల్లల అరుపులు, బకెట్టు చప్పుడు. అన్న లేడు. రిమోట్‌తో రెండో ట్రాక్ వెతికాడు. లేదు. ఇంకో ఫైలు తెరిచాడు. అందులోనూ లేదు. మార్చే సాఫ్ట్‌వేర్, ప్రత్యేకంగా చెప్పకపోతే మొదటి ట్రాకునే ఉంచుకుంటుంది. ఆయన చెప్పలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఇంకా నోరు విప్పడేం మీ అన్న?"

స్క్రూడ్రైవర్ బాబాయి ఒకప్పుడు తన అన్న గొంతును అనుకరించి ఫోన్లో బంధువులందరినీ బురిడీ కొట్టించిన ఘనుడు. మళ్లీ రంగుల రోజే పెట్టి, టీవీ వెనకాల వంగి, గొంతు బొంగురు చేసుకున్నాడు.

"అదిగో, మా తమ్ముడు నిచ్చెనెక్కాడు. ఇక గోడకు రంగు కాదు, వీడి కాలికి కట్టు..."

తర్వాతి మాట గుర్తురాలేదు.

"'కట్టు వేయించాలి. నవ్వింది చాల్లే, నిచ్చెన పట్టుకో' అంటాడు, బొమ్మలో ఉన్న నాతో" అంది వదిన నెమ్మదిగా. "ఎన్ని మిగిలాయి?"

"ఏవి వదినా?"

"ఆయన మాట్లాడేవి."

అబద్ధాల్లో పండిపోయిన మనిషికి ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

"ఒక్కటీ లేదు. నేనే చెరిపేశాను."

ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఆయనే తట్టుకోలేక, "నువ్వు మాటలు అందిస్తే నేను చెబుతాను వదినా. అచ్చంగా దిగేదాకా సాధన చేస్తాను" అన్నాడు.

"వద్దు. ఆయనలా ఇంకోసారి మాట్లాడావంటే నా చెవిలో ఉన్నది కూడా పోతుంది. టీవీ కట్టెయ్."

కట్టేశాడు.

మర్నాటి నుంచి ఆమె కుర్చీ గోడవైపు తిరిగింది. మధ్యాహ్నాలు ఆ గది గుమ్మం దాటేటప్పుడు ఆయన దగ్గు వచ్చినా నోరు మూసుకుని ఆపుకునేవాడు. అన్నదమ్ముల దగ్గు ఒక్కలాగే ఉంటుంది.