పెద్దమ్మ కాలి మీద ఎర్రగీత

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఊడుపులు మొదలయ్యాయంటే ముందుగా మా పెద్దమ్మ కోసం కబురు వచ్చేది. ఎస్. రాయవరం దగ్గర చిన్న పల్లె మాది. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఇద్దరినీ ఒకే ఊరికి ఇచ్చారు కాబట్టి మా ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. పది పన్నెండు మంది ఆడవాళ్ళు బురదలో వరసగా వంగి నాట్లు వేస్తుంటే, చివరన ఉండి ఆ వరసను నడిపించేది పెద్దమ్మే. ఆవిడ నాటిన మడిలో ఒక్క మొక్క కూడా తేలదని రైతులు చెప్పుకునేవారు. పొద్దున్న వంగితే మళ్ళీ అన్నాల వేళకే నడుం ఎత్తేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, శ్రావణమాసంలో ఒక రోజు, బడి నుంచి వస్తూ వీధిలోనే ఆగిపోయాను. పెద్దమ్మను నులకమంచం మీద వేసి నలుగురు మోసుకొస్తున్నారు. పక్కన పెదనాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. నారు కట్ట ఎత్తబోయి, వంగినది వంగినట్టే ఉండిపోయిందట. ఆవిడ కళ్ళు మూసుకుని పళ్ళు బిగించి ఉంది. అంత పెద్ద మనిషి మంచం మీద అంత చిన్నగా కనిపించేసరికి నాకు భయం వేసింది.

మొదటి వారం అందరూ అది మామూలు పట్టేననుకున్నారు. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోశారు. వేడి ఆముదం రాశారు. ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టారు. నడుము కొంచెం సర్దుకుంది కానీ నొప్పి మాత్రం ఎడమ తుంటి లోంచి దిగి, తొడ వెనకగా పిక్క దాకా పాకింది. కూర్చుంటే ఎక్కువ, దగ్గితే ఎక్కువ. తుమ్ము వస్తే గోడ పట్టుకునేది. పక్క ఊరి కాంపౌండరు వచ్చి సూది వేస్తే రెండు రోజులు తేలికగా ఉండేది, మూడో రోజు మళ్ళీ మొదలు. కోటవురట్ల వైపు ఎవరో పసరు కట్టు కడతారంటే పెదనాన్న బండి కట్టించి తీసుకెళ్ళాడు. ఆ బండి కుదుపులకు ఉన్న నొప్పి రెండింతలై తిరిగొచ్చింది.

అయినా ఆవిడ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. అసలు కూర్చోలేకపోవడమే ఆవిడ జబ్బు. పొయ్యి ముందు కూర్చోలేదు, కత్తిపీట ముందు కూర్చోలేదు. నిలబడితే మాత్రం కాసేపు ఓర్చుకోగలిగేది. నాలుగు రోజులు అదంతా గమనించుకుని, పెదనాన్న చేత వసారాలో నడుమెత్తున ఇటుకలు పేర్పించి, మట్టి మెత్తించి, దాని మీద పొయ్యి పెట్టించింది. నిలబడి వంట చెయ్యడం మా ఊళ్ళో అంతవరకు ఎవరూ చూసి ఎరగరు. చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

“ఏటే ఇది, దొరసానిలాగ నిలబడి వండుతున్నావు?” అంది ఒకావిడ.

“నవ్వండే నవ్వండి. మీ నడుములూ ఒకనాడు అడుగుతాయి. అప్పుడొచ్చి కొలత తీసుకుందురు గాని” అంది పెద్దమ్మ, గరిటె తిప్పుతూనే. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మా వీధిలో ఇంకో మూడిళ్ళలో పొయ్యి పైకి లేచింది.

విశాఖపట్నం నుంచి ఎముకల డాక్టరు ఒకాయన వారానికి రెండు రోజులు అనకాపల్లి వచ్చి చూస్తారని ఎవరో చెప్పారు. పెదనాన్న ఆవిడను బయలుదేరదీశాడు. మందుల మీద రాసింది చదవడానికి పనికొస్తానని నన్ను కూడా వెంట తీసుకెళ్ళారు. పెద్దమ్మ బస్సులో కడ్డీ పట్టుకుని అనకాపల్లి దాకా నిలబడే వచ్చింది. సీటు ఇస్తామన్న వాళ్ళకు దండం పెట్టింది. డాక్టరు గది బయట జనం గోడల పొడుగునా ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఏమైందమ్మా అని ఆయన అడిగితే, “నడుం నొప్పి బాబూ, కాళ్ళు లాగేత్తన్నాయి” అంది. ఎక్కడ అంటే, “ఇక్కడంతా” అని వీపు నుంచి కాలి దాకా చెయ్యి తిప్పింది. ఆయన నడుము నొక్కి చూసి, మాత్రలు రాసి, బరువులెత్తవద్దని చెప్పి, రెండు వారాల తర్వాత రమ్మన్నారు. అయిపోయింది. బయటికి వచ్చాక పెదనాన్నకు కోపం ఆగలేదు. ఇంత దూరం ఈ రెండు ముక్కలకా వచ్చింది అని విసుక్కున్నాడు.

“ఆయన్ననడం ఏటికి?” అంది పెద్దమ్మ. “మీ పొలం ఎక్కడని అడిగితే ఊళ్ళో ఉందని సెప్పినట్టు సెప్పేను నాను. ఆయనకేటి తెలుత్తాది?”

మర్నాటి నుంచి ఆవిడ తన నొప్పిని నేర్చుకోవడం మొదలుపెట్టింది. అంతకంటే సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. నేను బడి నుంచి రాగానే చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద తలగడ పెట్టుకుని, ఆ రోజు ఏమేం జరిగిందో చెప్పేది. నేను నోటుబుక్కులో రాసేదాన్ని. ఎన్ని అడుగులు నడిస్తే కాలు లాగింది, ఏ పక్కకు తిరిగి పడుకుంటే తగ్గింది, దగ్గినప్పుడు ఎక్కడిదాకా పాకింది. అన్నిటికీ నొప్పి అనే ఒక్క మాట సరిపోదని ఆవిడకు తోచింది. తొడ వెనక ఉన్నది మంట. పిక్క బయటి వైపు ఉన్నది కరెంటు. పాదం మీద ఉన్నది చీమలు. ఆ మాటలన్నీ ఆవిడవే. అప్పటిదాకా నాకు నొప్పి అంటే ఏడుపు అని మాత్రమే తెలుసు. ఈవిడేమో దాని పొలిమేరలు కనుక్కుంటోంది.

ఆ రోజుల్లోనే మా తాతయ్య, అంటే ఆవిడ నాన్న, వాతలు పెట్టే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎర్రగా కాల్చిన ఇనప ఊచతో కాలి మీద వాత పెడితే నొప్పి పారిపోతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. అమ్మ వద్దనలేక లోపలికి వెళ్ళిపోయింది. పెద్దమ్మ ఆ మనిషిని మర్యాదగా అడిగింది, ఏ చోట పెడతావని. చీలమండ దగ్గర అన్నాడతను, నొప్పి అక్కడికే కదా దిగిందని.

“దిగడం అక్కడికే గాని బయలెల్లడం అక్కడ కాదు బావా” అంది. “పది దినాలయి దీని యెనకాలే తిరుగుతున్నాను. నాకు తెలుసు.”

అతనికి అన్నం పెట్టించి పంపేసింది. తాతయ్య వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కాలు లాగుతూ, నిద్ర లేక, ఏ వైపు నుంచి ఏ మందు వచ్చినా పుచ్చుకుందామనిపించే స్థితిలో ఉండి కూడా ఆ ఊచకు కాలు ఇవ్వకపోవడానికి ఎంత నిబ్బరం కావాలో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిన రోజుకు ఇంకా నాలుగు రోజులు ఉన్నాయనగా, సాయంత్రం ఇద్దరం అడుగులు లెక్కపెడుతూ వీధిలో నడుస్తున్నాం. వెనక్కి చూస్తే ఆవిడ ఎడమకాలి చెప్పు పది అడుగుల వెనక మట్టిలో పడి ఉంది. ఆవిడకు ఆ సంగతే తెలియదు. నేను పకపకా నవ్వి చెప్పు తెచ్చి ఇచ్చాను. ఆవిడా నవ్వబోయి ఆగిపోయింది. గోడకు చేరబడి రెండు పాదాలూ చూసుకుంది. కుడికాలి బొటనవేలు పైకి లేచింది. ఎడమది లేవలేదు.

“ఎత్తు పెద్దమ్మా” అన్నాను.

“ఎత్తుతున్నానే” అంది.

ఆ మాట అన్నప్పటి ఆవిడ ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆవిడ భయపడగా నేను చూడడం అదే మొదటిసారి. పాయకరావుపేట వైపు ఎవరికో వెన్ను కోసి ఆపరేషన్ చేస్తే ఇక మంచం దిగలేదని మా ఊళ్ళో ఒక కథ తిరుగుతుండేది. ఇద్దరికీ అదే గుర్తొచ్చి ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పవద్దంది. నేను పుస్తకంలో కూడా రాయలేదు.

నాలుగో రోజు పొద్దున్నే ఆవిడ అటక మీది పారాణి సీసా దింపించింది. గోడకు చెయ్యి ఆన్చి నిలబడి, చీర కుచ్చెళ్ళు మోకాలి పైదాకా ఎత్తి పట్టుకుని, నొప్పి దారి గియ్యమంది. నోటితో చెబితే మళ్ళీ “ఇక్కడంతా” అనేస్తానేమోనని ఆవిడ భయం. నేను పుల్లకు దూది చుట్టి, పారాణిలో ముంచి, ఆవిడ చెప్పినట్టే గీశాను. తొడ వెనక నుంచి, పిక్క బయటి పక్కగా, కిందికి. చీలమండ దగ్గరకు వచ్చి పుల్ల తీసేశాను.

“ఇంకా ఉంది కదే” అంది.

“సెప్పొద్దన్నావు కదా.”

“అన్నాను. బయమేసి అన్నాను.”

నాకు ఏడుపు వచ్చేసింది. “కోసేత్తారు పెద్దమ్మా” అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

“కోత్తారో మానేత్తారో ఆయన సూసుకుంటాడు. నాను సెప్పకుండా ఇంటికొచ్చేత్తే మట్టుకు ఈ కాలు ఇంక నాది కాదు. గియ్యి అమ్మీ.”

కళ్ళు తుడుచుకుని గీత పాదం మీదుగా బొటనవేలి దాకా తీసుకెళ్ళాను. మొద్దుబారిన చోటు చుట్టూ సున్నా చుట్టాను.

అనకాపల్లిలో డాక్టరు గది బయట ఆడవాళ్ళు ఆవిడ పాదం చూసి, పెళ్ళికూతురివా ఏమిటి, ఒక్క కాలికే పెట్టుకున్నావని నవ్వారు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వింది. లోపలికి వెళ్ళాక మాత్రం నవ్వలేదు. డాక్టరు తల ఎత్తేలోపే, “ముందు ఏలు సూడండి బాబూ. నాలుగు దినాలయి లెగట్లేదు” అంది. అప్పుడు కుచ్చెళ్ళు పైకెత్తి గీత చూపించింది.

ఆయన కలం పక్కన పెట్టేశారు. కుర్చీలోంచి లేచి వచ్చి, కింద మోకాలి మీద కూర్చుని, ఆ గీతను పై నుంచి కింది దాకా చూశారు. తనతో వచ్చిన కుర్ర డాక్టరును పిలిచి, చూడవయ్యా, నరం దారి ఇదే, అన్నారు. ఎవరు గీశారని అడిగారు.

“మా సెల్లి కూతురు బాబూ. గీత దానిది, నొప్పి నాది” అంది పెద్దమ్మ.

ఆ తర్వాత ఆయన చాలాసేపు చూశారు. పడుకోబెట్టి కాలు పైకెత్తించారు, సూదితో తాకి తెలుస్తోందా అని అడిగారు, బొటనవేలిని తన వేలితో నొక్కి పట్టుకుని పైకి లేపమన్నారు. నా నోటుబుక్కు తీసుకుని ప్రతి పేజీ చదివారు. అప్పుడు నింపాదిగా చెప్పారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ ఒకటి పక్కకు జారి నరాన్ని నొక్కుతోంది. ఉత్త నొప్పి అయితే విశ్రాంతితో చూద్దామనేవాణ్ణి, వేలు బలం పోతోంది కాబట్టి ఆగకూడదు, ఇంకా ఆలస్యమైతే పాదమే వేలాడిపోతుంది అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. పెదనాన్న బల్ల పట్టుకుని నిలబడిపోయాడు. పెద్దమ్మ మాత్రం, ఆ మాట తాను ఎప్పుడో వినేసినట్టు, ఏ రోజు రమ్మంటారని అడిగింది.

నెల రోజుల తర్వాత బస్సు దిగి, పెదనాన్న భుజం పట్టుకోకుండా ఇంటికి నడిచి వచ్చింది. అన్నీ పూర్వంలా అయిపోయాయని చెప్పను. బొటనవేలు సగమే లేచేది. చెప్పు జారకుండా మడమ వెనక తోలు పట్టీ కుట్టించుకుంది. మళ్ళీ ఎన్నడూ బురదలోకి వంగలేదు. గట్టు మీద నిలబడి కొత్త పిల్లలకు వరస నేర్పేది. అందుకు ఆవిడకు లోపల బాధ ఉండే ఉంటుంది. ఊడుపుల రోజుల్లో కాసేపు చేతులు చూసుకుంటూ ఉండిపోయేది.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నడుం నొప్పులు, కాలి నొప్పుల వాళ్ళు ఆవిడ దగ్గరకు రావడం మొదలుపెట్టారు, ఏ మందుకు తగ్గిందో చెప్పమని. “మందు నాను సెప్పను. డాక్టరుకేటి సెప్పాలో అది నేర్పుతాను” అనేది. వాళ్ళను చాప మీద పడుకోబెట్టి, ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ ఆగుతోంది అని ఓపిగ్గా అడిగేది. అక్షరం రాని మనిషి. చదువుకున్న వాళ్ళు కూడా ఆవిడ ముందు తడబడడం చూశాను.

నేను తర్వాత టీచరునయ్యాను. కడుపు నొప్పి అని వచ్చిన పిల్లను ఇంటికి పంపేముందు ఎక్కడో వేలు పెట్టి చూపించమని అడిగి, ఆ పిల్ల చూపించేదాకా ఆగడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. కొన్నిసార్లు ఆ వేలు కడుపు మీద కాక ఇంటి సంగతుల మీదకు వెళ్ళేది.

ఇప్పుడు నాకు అరవై ఏడేళ్ళు. అనకాపల్లిలోనే మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పోయిన ఏడాది నాకూ తుంటి నుంచి కాలికి అదే నొప్పి మొదలైంది. ఇప్పుడు మిషన్లున్నాయి. స్కాన్ తీసి, ఏ పూస దగ్గర ఏం జరిగిందో బొమ్మలో చూపించారు. ఎదురుగా ఉన్న లేడీ డాక్టరు మా మనవరాలి వయసు. ఆ బొమ్మ చూసి, మందులు రాసి, వ్యాయామాలు చెప్పి, ఇంకేమైనా ఉందా అమ్మా అని అడిగింది. కోడలు నా పక్కనే కూర్చుని ఉంది. రెండుసార్లు స్నానాల గదిలో పడిపోయి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను. కాలు సగం తిమ్మిరిగా ఉంటోంది. తెలిస్తే నన్ను ఒంటరిగా గుమ్మం కూడా దాటనివ్వరని నా భయం. లేదమ్మా, అంతే, అందామని నోరు తెరిచాను.

చెప్పేశాను. రెండుసార్లు పడ్డానని, ఏ కాలు, ఏ వైపు, ఎక్కడిదాకా తిమ్మిరి అని, అంతా చెప్పేశాను. డాక్టరు రాస్తున్నది ఆపి నా వైపు తిరిగింది. కోడలు నా చెయ్యి పట్టుకుంది.