గవ్వలు గాజైన వైనం

ఎమ్మెస్సీలో ఘనపదార్థాల పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ చదువు వల్ల ఇంతవరకూ నష్టపోయింది ఒక గిన్నెడు గవ్వలు మాత్రమే.

చెల్లి పెళ్లయ్యాక మొదటిసారి అత్తారింటికి సారె తీసుకెళ్లాలి. సత్తెనపల్లిలో మేం వండిన గవ్వల్ని పొన్నూరులో వాళ్ల వీధంతా ఇంటికి గుప్పెడు చొప్పున పంచుతారు. కోడలి పుట్టింటికి వీధివాళ్లు మార్కులు వేసేది అప్పుడే. చెల్లికి అదే బెంగ.

"మా అత్తగారు ఏమీ అనదు అన్నయ్యా. గవ్వ పట్టుకుని కాస్త ఎక్కువసేపు చూస్తుంది. అది చాలు."

ప్రయాణం రోజు పొద్దున్నే అమ్మ గవ్వలు వేయించింది. పంచదార పాకం పొయ్యి మీదుండగా గ్యాస్ బండల ఆటో వచ్చింది. "ఒరేయ్, పాకం ముదిరాక పొయ్యి కట్టేసి, గవ్వలు పోసి, తెల్లబడేదాకా కలుపు. ఇంకేం చెయ్యకు," అని బయటికి పరిగెత్తింది.

చదువుకున్నవాడితో ఆ చివరి మాట అనకూడదు.

పంచదార పలుకులో అణువులు మిర్చి యార్డులో బస్తాల్లా వరసగా ఉంటాయి. కరిగితే వరసలు చెదిరిపోతాయి. తీరిగ్గా చల్లారితే మళ్లీ సర్దుకుంటాయి. ఆ తీరిక ఇవ్వకపోతే ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. పైకి రాయిలా ఉన్నా, లోపల కరిగినప్పటి గందరగోళమే. గాజంటే అదే; మా పేపర్లో దాని పేరు అమార్ఫస్.

పాకం అంచున తెల్లటి మసక కనబడింది. పలుకు కట్టేస్తోందని హడలిపోయి అరచెక్క నిమ్మకాయ పిండాను. నిమ్మరసం పలుకు కట్టనివ్వదు. మసక పోయేదాకా మరిగించి, గవ్వలు పోసి, గిన్నెను చన్నీళ్ల టబ్బులో కూర్చోబెట్టాను. కలపలేదు. కలిపితే పలుకు కడుతుంది కదా.

అమ్మ వచ్చి గరిటె పెట్టింది. గరిటె దిగలేదు. గిన్నె బోర్లిస్తే గవ్వలన్నీ ఒకే ముద్దగా, అద్దంలా మెరుస్తూ ఊడిపడ్డాయి.

"ఏం చేశావురా?"

"అమార్ఫస్ అయిందమ్మా."

"ఆ పేరు చెప్పి పంచమంటావా పొన్నూరులో?"

"మళ్లీ కరిగించి, నెమ్మదిగా చల్లారిస్తే..."

"గవ్వల్ని కూడా కరిగిస్తావా? తెల్లటి పలుకు పట్టాలనే కదరా అంతసేపు కలిపేది!"

ఆ కోణం మా సిలబస్‌లో లేదు.

చెల్లి కళ్లు తుడుచుకుంటోంది. కారు వీధిలో హారన్ కొడుతోంది. మళ్లీ వండే టైం లేదు. అమ్మ ముద్దని గుడ్డలో చుట్టి, పచ్చడి బండతో నాలుగు దెబ్బలు వేసింది. అవి నాకు పడాల్సినవని ముగ్గురికీ తెలుసు. ముక్కల్ని డబ్బాలో పోసి, "అడిగితే పల్లీ అచ్చులాగే ఇది గవ్వల అచ్చు అని చెప్పవే," అంది.

సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది.

"మా మామగారు మధ్యాహ్నం నుంచి ఒక్క మాట మాట్లాడలేదు అన్నయ్యా."

"అంత కోపమా?"

"కోపం కాదు, దవడలు అతుక్కుపోయాయి. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదట. ఇంకో రెండు కిలోలు పంపమంటోంది అత్తగారు."