ఏడో నెల అని చెప్పండి

మా చెల్లెలికి నెలలు నిండకముందే కొడుకు పుట్టాడు. కిలో ఆరువందల గ్రాములు. వాణ్ణి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు, మమ్మల్ని వరండాలో పెట్టారు. లోపల వాడికి ఊపిరి తీయడమే కష్టంగా ఉంది. బయట మాకు మాత్రం మాటలకు కొదవ లేదు.

అండగా నిలబడాలని కాశిబుగ్గ నుంచి అందరికంటే ముందు పరుగెత్తింది నేనే. పెద్దక్కను కదా, అండ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు అనుకునేదాన్ని. వర్ధన్నపేట నుంచి చెల్లెలి అత్తగారు వచ్చింది. ఆవిడ వెనకాలే ఒక ఆటో నిండా చుట్టాలు, బ్రెడ్డు పాకెట్లతో, బత్తాయిలతో. బిడ్డ ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు. "ఎన్నో నెల?" అని అడిగారు.

మా వైపు ఇదొక లెక్క. ఏడో నెలలో పుట్టిన పిల్లలు బతుకుతారట, ఎనిమిదో నెలలో పుడితే దక్కరట. కడుపులో ఇంకో నెల ఉంటే మంచిదే కదా అని ఎవరికీ తోచదు. మావాడు ఎనిమిదో నెలలో పుట్టాడు. ఆ మాట అనగానే ఒకావిడ నా చేతికివ్వబోయిన బత్తాయిల సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. చెల్లెలు పాలు పిండి పంపితేనే బిడ్డకు బలమని నర్సు చెప్పింది. ఈ మాటలు దాని చెవిన పడితే దిగులుతో ఆ కాసిని పాలూ రాకుండా పోతాయి. అత్తగారిని పక్కకు పిలిచాను.

"అత్తమ్మా, ఇయ్యాల్టి సంది ఎవలడిగినా ఏడో నెలనే అని చెప్పాలె."

"మరి పిల్లకు తెల్వదా బిడ్డా?"

"లెక్క తప్పినవని దానికి చెప్దాం. నువ్వు ఫికర్ జెయ్యకు."

సాయంత్రానికల్లా వరండా అంతా ఏడో నెల అయిపోయింది. చెల్లెలికి కూడా చెప్పాం, సరే అని తలూపింది. చుట్టాల మొహాలు తేటపడ్డాయి, తెచ్చిన బత్తాయిలు వాళ్లే ఒలుచుకుని తిన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. స్కాన్ కాగితాలు తొందరలో వర్ధన్నపేటలోనే మరిచిపోయారు కాబట్టి డాక్టరమ్మ వచ్చి నెలలు అడిగింది. అలవాటైన నోరు, ఎవరు అడుగుతున్నారో కూడా చూడలేదు. ఏడే అన్నాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ అత్తగారినీ నన్నూ పిలిచింది.

"తల్లి ఒక లెక్క చెప్తాంది, మీరు ఒకటి చెప్తున్నరు. పాలెంత పట్టాలె, కండ్ల పరీక్ష ఎప్పుడు చెయ్యాలె, అన్నీ దాన్నిబట్టే. ఏది రాసుకోను?"

అత్తగారు నా వైపు చూసింది. జరిగిందంతా నేనే చెప్పాను.

"చుట్టాలకు ఏమన్నా చెప్పుకోండమ్మా. నాకు జర నిజం చెప్పండి" అని ఆమె ఫైలు మూసుకుని లోపలికి పోయింది.

తల కొట్టేసినట్టయింది. చెల్లెలి దగ్గరికి వెళ్లాను. అది మంచం మీద కూర్చుని స్టీలు గిన్నెలోకి పాలు పిండుకుంటోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను నీళ్లు నములుతుంటే, తలెత్తకుండానే అంది.

"ఎనిమిదో నెలనే అక్కా. మోసింది నేనైతిని, నాకు తెల్వదా?"

"మరి ఏడంటే ఎందుకు తలూపినవే?"

"మీరందరు భయపడి సస్తాండ్రు. అత్తమ్మ రెండు రోజుల సంది మెతుకు ముట్టలె. ఏడంటే జర తిన్నది, పన్నది. అందుకే ఊకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. అండగా ఉండటానికి వచ్చినదాన్ని, పచ్చి బాలింత నాకు అండగా ఉంది. అది గిన్నెకు మూత పెట్టి నా చేతిలో పెట్టింది.

"ఇగ చాలు గని, ఈ పాలు లోపలిచ్చి రా. పైలం, ఒలికిపోతయి."

గిన్నె అడుగు కూడా సరిగ్గా నిండలేదు. రెండు చేతులతో పట్టుకుని వరండాలోకి వచ్చాను. అప్పుడే ఆటో దిగిన ఒకావిడ ఎదురొచ్చింది.

"ఎన్నో నెల బిడ్డా?"

"ఎనిమిది. జర పక్కకు జరుగమ్మా, మావోనికి పాల యాళ్లయింది."