మూసిన మల్గికి తాజా నిమ్మకాయ

ఆ రోజుల్లో సర్కారు కాగితం ఇంటికొస్తే ముందు దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి, స్నానం చేసొచ్చాకే చదివించుకునేవాళ్లు. చదివేవాడు గొంతు తగ్గించేవాడు, వినేవాడు తల దించేవాడు, ఎంత అడిగితే అంత కట్టి వచ్చేవాళ్లు. నేను మాత్రం స్నానం చేయకుండానే చదివేశాను. (తప్పంతా అక్కడే జరిగిందని మా అవ్వ చివరిదాకా నమ్మింది.) నేను బడికి పోయింది ఆరో తరగతి దాకానే. ఆ తర్వాతి చదువంతా మిర్చీబజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద సాగింది. నూనె మరకల మధ్య వార్తలు, కథలు, కోర్టు తీర్పులు. సగం తీర్పు నా పొట్లంలో ఉంటే మిగతా సగం ఇంకొకడి పొట్లంలో ఉండేది కాబట్టి, ఆ సగం నేనే ఊహించుకునేవాణ్ని. నా ఊహలో ఎప్పుడూ పేదవాడే గెలిచేవాడు. అట్లా తయారైన వకీలును నేను.

అప్పుడు నాది మైకుసెట్టు దుకాణం. కామారెడ్డి బజారులో ఒక సేటు దగ్గర మల్గి కిరాయికి తీసుకున్నాను. మల్గి అంటే ఎంత, షట్టరున్న ఒక్క గది. నుదుటి మీద ఎప్పుడూ గంధం చుక్క ఉండేది కాబట్టి ఆయన్ని గంధం సేటు అనేవాళ్లం. మల్గిలో ఉన్నన్నాళ్లూ పన్ను కిరాయిదారే కట్టాలన్నది ఆయన షరతు. కట్టాను కూడా. అయితే కామారెడ్డిలో పెళ్లిళ్లకంటే మైకుసెట్లు ఎక్కువైపోయాయి. ఒక దసరాకు తాళంచెవి సేటు చేతిలో పెట్టి, సామాను ఎల్లారెడ్డికి మార్చాను. బోర్డు తీసుకున్నాను, తీగలు చుట్టుకున్నాను, గోడకు కొట్టిన మేకులు కూడా పీక్కున్నాను. షట్టరుకు వేలాడే నిమ్మకాయ, మిరపకాయల దండ ఒక్కటే వదిలేశాను. దిష్టికి కట్టినదాన్ని కట్టించుకున్నవాడు తెంపితే ఆ దిష్టంతా చేతికి అంటుకుంటుందని మా అవ్వ శాసనం.

మరుసటి దసరా కూడా దాటాక ఆ కాగితం ఎల్లారెడ్డికి వచ్చింది. ఖాళీ చేసిన మల్గికి ఏడాది పన్ను, అదీ వ్యాపారం లెక్కన, మీద జుర్మానా. వారంలో కట్టకపోతే సామాను జప్తు చేస్తారట. సామాను అంటే నా ఆంప్లిఫయరే కదా! ఆ ఆదివారమే లింగంపేటలో పెళ్లికి బయానా తీసుకుని ఉన్నాను. పైగా నాకు పిల్లనివ్వాలా వద్దా అని ఊగిసలాడుతున్న మామ, కుర్రవాడి పనితనం చూడటానికి ఆ పెళ్లికే వస్తున్నాడు.

“కట్టేసి రాపోరా. సర్కారుతోని కొట్లాట మనకెందుకు?” అన్నాడు బాపు.

“దుకాణం ఉంటే కడుత బాపూ. లేని దుకాణానికి ఎందుకు కడుత?”

“గిట్లనే మాట్లాడు. రేపు మిషిను గుంజుకపోతే లింగంపేట పెండ్లిల నోరుతోని పాడుతవా?”

కామారెడ్డి బస్సెక్కాను. ముందు మల్గి ఎదురుగా ఉన్న హోటల్ చాయ్ మామ దగ్గరికి పోయాను. తాళంచెవి ఇచ్చిన రోజు పక్కనే ఉన్నాడు కాబట్టి సాక్ష్యం చెప్పమన్నాను. “నేను గూడ సేటు కిరాయిదారునే గద బేటా. నోట్ల చాయ్ ఉన్నది, మాట రాదు” అన్నాడు. తర్వాత పన్ను వసూలు చేసే సారు దగ్గరికి పోయాను. బజ్జీకాగితాల న్యాయశాస్త్రమంతా వల్లించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“తాళమేసుకుంటే ఖాళీ చేసినట్టు గాదయ్యా. మొన్న శనివారం నేనే వొయి చూసిన. నిగనిగలాడే నిమ్మకాయ, పచ్చటి మిరపకాయలు, అప్పుడే కట్టినట్టున్నయి. నడవని దుకాణానికి వారం వారం దిష్టి ఎవడు తీపిస్తడు?”

“నిమ్మకాయ కట్టింది నేను గాదు సార్.”

“మరి షట్టరుకు దానంతటదే కాసిందా?”

ఏ పొట్లంలోనూ నిమ్మకాయ మీద తీర్పు లేదు. అయినా నోరు ఊరుకోలేదు. “నిమ్మకాయ ఎవరిదో పన్ను గూడ వాళ్లదే అంటరా సార్?” అన్నాను. “అంతే గద” అన్నాడు. “అయితే శనివారం పొద్దుగాల మామ హోటల్ల చాయ్ తాగనీకి రాండ్రి” అని ఆహ్వానించి వచ్చాను. పెళ్లికి పిలిచినంత మర్యాదగా పిలిచాను మరి.

శనివారం ఆంప్లిఫయరు, హారన్ హోటల్ బెంచీ మీద పెట్టుకుని కూర్చున్నాను. (చాయ్ మామ సాక్ష్యం ఇవ్వలేదు కానీ కరెంటు ఇచ్చాడు.) సారు వచ్చి చాయ్ అందుకున్నాడు. నిమ్మకాయల గంపవాడు కూడా వచ్చాడు, మూసిన షట్టరుకు కొత్త దండ కట్టాడు, నేరుగా గంధం సేటు బట్టల దుకాణానికి పోయి చేయి చాపాడు. సేటు గల్లాపెట్టె తెరిచి ఇచ్చాడు. నేను స్విచ్చి వేశాను. మైకు పడితే నాకు వచ్చింది పెళ్లిళ్లలో కట్నాలు చదివించడమే, అదే ఎత్తుకున్నాను.

“మహాజనులారా! గంధం సేటుగారు తమ సొంత మల్గికి చదివించినది, నిమ్మకాయ ఒకటి! మిరపకాయలు ఒక దండ!”

బజారు ఆగిపోయింది. సేటు ధోవతి కుచ్చెళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “బంజెయ్‌రా! నా మల్గి, నా నిమ్మకాయ. నీకేంది నొప్పి?”

“మరి ఎందుకు కట్టిస్తున్నరు సేటూ?” అంటూ మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను.

“ఖాళీగున్న మల్గికి దిష్టి తగిలితే కిరాయికి ఎవడొస్తడ్రా!”

‘ఖాళీగున్న మల్గి’ అన్న మాట హారన్‌లో నుంచి బస్టాండు దాకా పోయింది. సారు కప్పు కింద పెట్టాడు. “ఎప్పటిసంది ఖాళీగున్నది సేటూ?” మైకు అక్కడే ఉంది. సేటు మైకును చూశాడు, నన్ను చూశాడు, చుట్టూ గుమిగూడిన జనాన్ని చూశాడు. “పోయిన దసర... కాదు, దాని ముంగటి దసర” అన్నాడు.

సారు అక్కడికక్కడే కాగితం మీద నా పేరు కొట్టేశాడు. చేతులెత్తి జనానికి దండం పెట్టబోతుంటే భుజం మీద ఎవరిదో చేయి పడింది. కానిస్టేబుల్. “మైకుకు పర్మిషన్ ఏది?” లేదు. జప్తు కానివ్వనని ప్రతిజ్ఞ చేసిన ఆంప్లిఫయరు సైకిల్ క్యారియరు మీద నా కళ్లముందే ఠాణాకు పోయింది. సాయంత్రం దాకా ఠాణా మెట్ల మీద నిలబడి వాదించాను. నా న్యాయశాస్త్రం అక్కడా సగమే పనిచేసింది, అంటే అస్సలు పనిచేయలేదు.

చివరికి విడిపించింది ఎవరనుకున్నారు? గంధం సేటే. “మా పోరడే, ఇడువుండ్రి” అని లోపల చెప్పి బయటికొచ్చాడు. “నీ మొత్తుకోళ్లతోని మల్గి ఖాళీ ఉన్నదని ఊరంత తెలిసింది. పొద్దుగాల సంది నలుగురు కిరాయికి అడిగిండ్రు. ఏడాది సంది నిమ్మకాయతోని గాని పని నీ మైకుతోని అయింది” అన్నాడు. కాళ్లు పీకుతున్నా తల మాత్రం వంచలేదు. “ఇంకోసారి చెప్పాలంటే కిరాయి పడతది సేటూ” అన్నాను.

మర్నాడు లింగంపేటలో మైకు మోగింది. బజారులో జరిగిన సంగతి పిల్లనిచ్చే మామ చెవికి నాకంటే ముందే చేరింది. “నోరున్న పోరడు, బతుకుతడు” అని ఊగిసలాట మాని ఒప్పుకున్నాడు, పెళ్లి జరిగింది. (ఆ నోరు ఇంట్లో చెల్లదని ఆమె మొదటి వారంలోనే తేల్చేసింది.)

ఇప్పుడు పెళ్లిళ్లకు డీజేలు వచ్చాయి. నిరుడు ఎల్లారెడ్డి మల్గి కూడా ఖాళీ చేశాను. మొన్న ఫోనుకు మెసేజీ వచ్చింది, ఆ మల్గి పన్ను నేను బాకీ ఉన్నానట! “ఫోన్లనే కట్టేద్దాం తాతా, ఐపోతది” అంది మనవరాలు. “దుకాణం ఉంటే కడుత బిడ్డా” అన్నాను. అని, నాకే నవ్వొచ్చింది. బెంచీ మీద మైకు పట్టుకుని కూర్చున్న ఆ బక్కపోరడు ఎటూ పోలేదు, మోకాళ్లు మాత్రమే అరిగాయి వాడికి. అయితే ఈసారి నేను తెలివిగా ఉన్నాను. ఖాళీ చేసిన రోజే నిమ్మకాయ దండ నా చేత్తోనే తెంపి తెచ్చుకున్నాను. దిష్టి అంటితే అంటనీ, అవ్వకు పైన సమాధానం నేనే చెప్పుకుంటాను.

రేపు ఆఫీసు తెరవగానే పోతున్నాను. మైకు తీసుకుపోనని మనవరాలికి మాటిచ్చాను. అటక మీది హారన్ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.