పక్కదాన్ని అడిగే సారు

కామారెడ్డి నుంచి వచ్చి మా నాగిరెడ్డిపేట పొలాల్లో మన్ను తడి చూసే మిషన్లు పాతిన సారును తలచుకుంటే, ఆయన మాటే ముందు గుర్తుకొస్తుంది: "పక్కదాన్ని అడగాలె అవ్వా." మన్ను ఎండిందని మిషన్ చెబితే ఆ పొలానికి కాలువ నీళ్ల వంతు వచ్చేది. ఒక్క మిషన్ మాటను ఆయన ఎన్నడూ నమ్మలేదు. గట్టు మీద కూర్చుని, చుట్టూ ఉన్నవి ఏమంటున్నాయో ఫోన్‌లో చూసేవాడు.

వరి పొట్ట మీదున్నప్పుడు నా మిషన్ తడి అన్నది. చుట్టూ ఉన్న మూడూ పొడి అన్నాయి.

"నీ మిషన్‌ను ఎవరో చెడగొట్టిన్రు అవ్వా. దీన్ని నమ్మితే అందరి వంతులు ఖరాబైతయి."

దాన్ని వంతుల లెక్కలోంచి తప్పించాడు. ఫోన్‌లో నా పొలం పేరు పక్కన వచ్చిన మాటను, అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న నేను కూడబలుక్కుని చదివాను: నమ్మరాదు.

"మరి మన్ను ఎండితే నాకు నీళ్లెట్ల బిడ్డా?"

"జల్దీ కొత్తది తెస్త."

ఆయన కొత్తదానితో బస్సు దిగేసరికి నా వరి తాలు పోయింది. చుట్టూ మూడు పొలాలు పచ్చగా ఉన్నాయి. అనుమానంతో వాళ్ల మిషన్లు పీకి చూశాడు. తడి తగలకుండా, మన్నులో దిగే మూడింటి ముళ్లకూ పాల పాకెట్ కవర్లు తొడిగి ఉన్నాయి.

"నీదొక్కటే నిజం చెప్పింది అవ్వా."

"ఆ మూడు పొలాలు ఎవలయో నన్నడగకపోతివి బిడ్డా. ముగ్గురూ ఒక్క తల్లి కొడుకులే."

ఆయన కొత్త మిషన్ పాతాడు. అది పొడి అన్నది. సాయంత్రానికి కాలువ నీళ్లు నా తాలు వరిలోకి మళ్లాయి.

"ఆపమంటవా అవ్వా?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

మడి నిండేదాకా ఆయన గట్టు మీదే నిలబడ్డాడు.